ముప్పై ఒక్కేళ్ల నాటి ప్యాకెట్

గింజలమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. ఆ సంగతి ముందే చెప్పేసుకుంటే మంచిది. ఎందుకంటే ఇక్కడ జరిగిన అనర్థమంతా ఆవిడ ఒకే ఒక్కసారి రిజిస్టర్లో రాసిన ఒకే ఒక్క అంకె వల్ల జరిగింది. రోజూ అబద్ధాలాడేవాళ్లకి ఏమీ కాదు, వాళ్ల మాట ఎవరూ నమ్మరు కాబట్టి. ఎన్నడూ ఆడనివాళ్లు ఒక్కటి ఆడితేనే కొంపలంటుకుంటాయి.

ఆవిడ ఉద్యోగం పంటల పరిశోధన సంస్థలో విత్తనాల గదిని చూసుకోవడం. ఇరవై నాలుగేళ్ల సర్వీసు. బరువైన ఇనప తలుపులు రెండు దాటి వెళ్తే లోపల ఎముకలు కొరికే చలి, నేలనుంచి కప్పుదాకా ఇనప అరలు, అరల నిండా వెండిరంగు ప్యాకెట్లు. మొత్తం పద్నాలుగు వేలు. ఒక్కో దాంట్లో ఒక్కో పాతకాలపు రకం. రైతులు పండించడం మానేసినవి కొన్ని, పండించేవాళ్లు ఒకరిద్దరే మిగిలినవి కొన్ని. మండు వేసవిలో కూడా ఆవిడ స్వెట్టరు తొడుక్కుని, మఫ్లరు చుట్టుకుని ఆఫీసుకొచ్చేది. "మొగుడికి జ్వరమొస్తే తెలుసో తెలీదో గానీ, ప్యాకెట్‌కి తేమ పడితే మాత్రం ఈవిడకి నిద్రలో తెలిసిపోతుంది" అని తోటివాళ్లు ఆటపట్టించేవారు. అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా మిగల్లేదు, అందరి నోటా గింజలమ్మే.

చలిలో పెట్టినంత మాత్రాన గింజ చిరంజీవి అయిపోదు. పన్నెండేళ్లకోసారి ప్యాకెట్ విప్పి, వంద గింజలు లెక్కపెట్టి, తడి కాగితంలో చుట్టి, ఎన్ని మొలిచాయో చూడాలి. ఎనభై అయిదుకి తగ్గాయంటే మిగిలినవాటిని సంస్థ పొలంలో విత్తి, బయటి పుప్పొడి తగలకుండా ప్రతి కంకికీ కాగితం సంచి తొడిగి, చేత్తో పుప్పొడి అద్ది, కొత్త గింజ తీసి ప్యాకెట్ నింపాలి. ఏ పొలం, ఏ మడి, ఎన్ని మొక్కలు, అన్నీ రిజిస్టర్లో ఎక్కాలి. అదీ పద్ధతి.

ఏడేళ్ల కిందట నల్లచార వంతు వచ్చింది. నల్లచార అంటే తెల్లటి మొక్కజొన్న, గింజ నెత్తిమీద సన్నగా గోటితో గీసినట్టు ఒక నల్ల గీత. ఆ ప్యాకెట్ మీద రైతు పేరు దగ్గర ఉన్నది సాక్షాత్తూ గింజలమ్మ పెద్దమ్మ పేరు. తల్లి పోయాక ఆవిణ్ణి పెంచిన మనిషి. గింజలమ్మ ఉద్యోగంలో చేరకముందే ఎవరో సైంటిస్టులు జీపేసుకుని వెళ్లి ఆ చేలోంచి గింజలు తెచ్చి దాచారు. అప్పటికి జన్యువులు మార్చిన పంటలు ఎక్కడా లేవు, ఆ మాటే ఎవరూ విని ఉండరు.

వంద గింజలు చుట్టి పెడితే మొలిచినవి నాలుగు.

ఆ అర వెనకాల గొట్టం కారి, ఒక వేసవంతా అక్కడ తేమ చేరిందని తర్వాత తెలిసింది. గింజలమ్మ పరుగున పోయి అప్పటి డైరెక్టరుకి (ఆయన తర్వాత పోయాడు, పాపం) చెప్తే, "పొలం ఖాళీ లేదు, మనుషుల్లేరు, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. ఆఫీసుల్లో వచ్చే ఏడు అనేది ఎప్పుడొస్తుందో ఆవిడకి తెలియనిదేం కాదు. ఆ సాయంత్రమే పెద్దమ్మకి ఫోన్ చేసి, ఎందుకో చెప్పకుండా, కాసిని నల్లచార గింజలు పంపమని బతిమాలింది.

"దీనికి ఇంత బతిమాలాలటే? మన గింజ మనకి పంపడానికి?" అని పెద్దమ్మ మర్నాడే మూడు కిలోల సంచి కట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపింది. అదే చేను, అదే గింజ, అదే మనిషి. ముసలివాళ్లు పోయి పిల్లలొచ్చారు, అంతేగా అనుకుంది గింజలమ్మ. ప్యాకెట్లో కొత్తవి నింపింది. పాతవి మూడు వేల గింజలు, పాడైనవాటిని ఏం చేయాలని రూల్లో ఉందో అదే చేసింది, బాయిలర్లో వేసింది. కొత్త గింజ పండించినట్టు రాయాలంటే మడి నంబరు కావాలి, అది లేదు. అందుకని పాత తేదీ పాతగానే ఉంచి, కింద "మొలక శాతం 91" అని రాసి సంతకం పెట్టింది. తొంభై ఒకటి నిజమే. పెద్దమ్మ పంపిన గింజల్ని మొలకేసి చూసే రాసింది. గింజకి ప్రాణం పోశానని ఆ రోజు ఎంత సంబరపడిందో! ఇంటికెళ్తూ దారిలో మిఠాయి కూడా కొనుక్కుంది, పిచ్చి మనిషి.

రెండేళ్ల కిందట మేడం తన పరిశోధన బయటపెట్టింది. మేడం అంటే పై అంతస్తు ల్యాబులో జన్యువుల పని చేసే ఆవిడ. నలభై దాటలేదు. మాట కటువు, మనసు వెన్న. నలభై ఊళ్లనుంచి పాత రకాల మొక్కజొన్న తెచ్చి పరీక్ష చేస్తే, పదకొండు ఊళ్ల గింజల్లో కంపెనీవాళ్లు మార్చిన జన్యువు కనిపించిందంది. పుప్పొడి గాలికి ఎగిరి పక్క చేలోంచి పాత రకాల్లోకి చేరుతోందనీ, ఇలాగే పోతే అసలు రకమనేది మిగలదనీ రాసింది.

ఇంకేముంది, తేనెతుట్టె కదిలింది. దేశదేశాల సైంటిస్టులు రెండు జట్లయ్యారు. కాదన్న జట్టులో, మేడం ల్యాబులోనే కంపెనీ గింజల దుమ్ము ఉండి పరీక్షలో కలిసిందని కొందరు. ఆ పాత రకాల్లో సహజంగానే అలాంటి ముక్క ఏదో ఉండి ఉంటుంది, దాన్ని చూసి పరీక్ష మోసపోతోందని కొందరు. కలిస్తే మాత్రం కొంపేం మునిగిందని ఇంకొందరు. ఈ మూడో మాట అన్నవాళ్లలో ముఖ్యుడు లెక్కల మాస్టారు. ఆయన అదే సంస్థలో సీనియరు, జీవితమంతా పంటల లెక్కలు వేసినవాడు. కంపెనీల మనిషి కాదు, ఎవరి కాఫీ తాగినా తన కప్పు తనే కడుక్కునే రకం.

"మొక్కజొన్న పుట్టినప్పట్నుంచీ గాలితో కాపురం చేస్తూనే ఉందమ్మా" అనేవాడు మేడంతో, కారిడార్లో నిలబడి. "పాత రకమంటే అద్దాలపెట్టెలో బొమ్మ కాదు. కలుస్తుంది, మారుతుంది."

"రైతు ఇష్టపడి కలుపుకోవడం వేరు, తెలియకుండా వచ్చి చేరడం వేరు సార్. వద్దంటే వెనక్కి తీసే దారేది?"

"ముందు చేరిందని రుజువు చెయ్యి, తర్వాత తీసే సంగతి."

ఆ గొడవ పేపర్లకెక్కిన వారం పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఏమే, మన నల్లచారలో కూడా కంపెనీ గింజ కలిసిందంటావా?"

"మీ ఊరు పరీక్ష చేయలేదు పెద్దమ్మా. మీ దగ్గర ఎందుకు కలుస్తుందిలే."

"కలిస్తే కలవనీ, నాకేం బెంగ? అసలు విత్తనం నీ చలిగదిలో ఉందిగా. ఆ ధైర్యంతోనే నేను పాతది గుప్పెడు కూడా దాచలేదు. ఇక్కడుంటే ఎలకలు, పురుగులు. నీ దగ్గరైతే బంగారంలా ఉంటుంది."

గింజలమ్మ "ఊఁ" అంది. ఆ ఊఁ అనడానికి ఎంత కష్టపడిందో ఆవిడకే తెలుసు. ఆ రాత్రినుంచి ముద్ద దిగలేదు. ఒకటే జపం, పెద్దమ్మ చేను శుభ్రంగా ఉండాలి, అంతే చాలు. అది శుభ్రంగా ఉంటే ప్యాకెట్లో ఉన్నదీ అసలుదే, ఆవిడ చేసింది తప్పే కాదు.

వాదన తేలక తేలక, చివరికి డైరెక్టరు ఒక కమిటీ వేశాడు. అందులో మాస్టారు ఒక ఉపాయం చెప్పాడు. అది ఎంత తిన్నని ఉపాయమంటే, మేడం కూడా ఎగిరి గంతేసింది. మార్చిన పంటలు పుట్టకముందు దాచిన గింజ ఒకటి తీసుకుందాం. మేడం పద్ధతిలోనే, అందరి కళ్లముందూ పరీక్ష చేద్దాం. దాంట్లో ఆ జన్యువు ఉండడానికి వీల్లేదు. లేదని తేలితే పరీక్ష మంచిదే, నేను నోరు మూసుకుంటా. ఉందని వస్తే మాత్రం ఆ పరీక్ష లేనిదాన్ని ఉందంటున్నట్టు.

"మన గదిలోనే ఉంది కదా, ముప్పై ఒక్కేళ్ల నల్లచార!" అంది మేడం. "గింజలమ్మగారూ, ఆ ప్యాకెట్ పట్రండి."

అప్పుడు చెప్పాల్సింది. ఎవరైనా అనే మాటే ఇది, ఆవిడా తర్వాత వెయ్యిసార్లు అనుకుంది. కానీ గదినిండా పెద్దవాళ్లు, మేడం ముఖం చూస్తే దీపం పెట్టినట్టుంది. పెద్దమ్మ చేను శుభ్రమే కదా అని మనసుకి సర్దిచెప్పుకుంటూ, గింజలమ్మ రెండు ఇనప తలుపులూ తీసి, ప్యాకెట్ తెచ్చి బల్లమీద పెట్టింది. డైరెక్టరు రిజిస్టరు తిరగేశాడు. "ముప్పై ఒక్కేళ్ల నాడు 95. పంతొమ్మిదేళ్ల నాడు 93. ఏడేళ్ల నాడు 91. అబ్బ, ఎంత బాగా కాపాడారండీ!" అని మెచ్చుకున్నాడు. ఆవిడకి నేల చీలితే బావుండుననిపించింది.

నాలుగో రోజు ఫలితం వచ్చింది. ప్యాకెట్లో ఆ జన్యువు ఉంది. వట్టి నీళ్లతో చేసిన పరీక్ష శుభ్రంగా వచ్చింది, కంపెనీ గింజతో చేసింది రావాల్సినట్టే వచ్చింది. నల్లచార మాత్రం పది గింజల్లో ఒకటి చొప్పున ఉందంటోంది. మళ్లీ చేశారు. మళ్లీ అదే.

మేడం కాగితం పట్టుకుని కుర్చీలో అలాగే ఉండిపోయింది. మాస్టారు కూడా సంతోషించలేదు, అది ఆయన మంచితనం. "బాధపడకమ్మా. పరీక్ష మోసపోయింది. ఈ జాతిలోనే అలాంటి ముక్కేదో ఉంది. పదకొండు ఊళ్లలో నువ్వు చూసిందీ అదే అయ్యుంటుంది" అన్నాడు. ఇంకో పాత ప్యాకెట్ తీసి ఇంకా లోతుగా చూద్దామని మేడం అడగబోతే, "ఇప్పటికే నవ్వులపాలయ్యాం" అని డైరెక్టరు అడ్డుపడ్డాడు. మేడం ప్రాజెక్టు ఆ పూటే ఆగిపోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ అక్కడే, తలుపు పక్కన, మఫ్లరు చుట్టుకుని నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున మేడం తన ల్యాబులో సామాను అట్టపెట్టెల్లో సర్దుతుంటే గింజలమ్మ వెళ్లి, తలుపు వేసి, మొత్తం కక్కేసింది. నాలుగు మొలకలు, పెద్దమ్మ సంచి, బాయిలరు, తొంభై ఒకటి. చెప్తూ చెప్తూ వెక్కిళ్లు పెట్టింది.

మేడం ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత లేచి నిలబడింది. "అంటే అవి ఏడేళ్ల కిందటి గింజలా? అంటే పరీక్ష కరెక్టే! నేను కరెక్టే! మీ పెద్దమ్మగారి చేలోకి కూడా వచ్చేసిందన్నమాట!" అని గింజలమ్మ భుజాలు పట్టుకుని ఊపేసింది. ఆ ఆనందం ఎంతసేపు? గుక్కెడు నీళ్లు తాగినంతసేపు. ఆ చేతులు మెల్లగా జారాయి.

"మరి అసలు నల్లచార ఎక్కడుంది?"

"లేదు మేడం."

"మొలకెత్తకపోయినా ఫర్వాలేదు, చచ్చిన గింజ చాలు నాకు. దాని పొడి చాలు. ఇదిగో పాతది, దీంట్లో లేదు, అని చూపించడానికి."

"కాల్చేశాను మేడం. రూలు అదే."

మేడం వేళ్లమీద ఏదో లెక్కేసింది. తర్వాత అడిగింది, "వందకి నాలుగు మొలిచాయన్నారు. ప్యాకెట్లో ఎన్ని ఉన్నాయి?"

"మూడు వేలు."

"మూడు వేలకి నూట ఇరవై మొక్కలు." మేడం గొంతు చాలా మెత్తగా అయిపోయింది. "నూట ఇరవై మొక్కలు చాలండీ. జాతి నిలబడేది."

గింజలమ్మకి ఈ లెక్క ఏడేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు. నాలుగంటే పోయినట్టే అనుకుంది. ఎనభై అయిదుకి తగ్గితే పాడైనట్టు అని కాగితంలో ఉంది కదా, నాలుగు అంటే చచ్చినట్టేగా అనుకుంది. చచ్చింది గింజలు కావు, ఆవిడ బుర్ర. మేడం తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత బరువు దిగేది. మేడం అట్టపెట్టె మీద కూర్చుని, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది.

ఇద్దరూ కలిసే డైరెక్టరు గదికి వెళ్లారు. మాస్టారుని పిలిపించారు. గింజలమ్మ మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. ఈసారి ఏడవలేదు.

మాస్టారు రిజిస్టరు దగ్గరకు లాక్కుని, ఆ పేజీ మీద వేలు పెట్టాడు. "అమ్మా, నువ్వు నిజమే చెప్తున్నావేమో. కాదనను. కానీ ఇక్కడ నీ సంతకం ఉంది, పాత గింజే అని. ఇప్పుడు ఇంకో కాగితం మీద సంతకం పెడతానంటున్నావు, కాదని. మీ మేడం ప్రాజెక్టు పోయిన మర్నాడు. రెండు సంతకాల్లో దేన్ని నమ్మమంటావు? నువ్వే చెప్పు."

"ఇదే నిజం సార్."

"నాలుగు మొలిచిన కాగితం ఉందా?"

"చింపేశాను."

"పాత గింజ ఒక్కటైనా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూపించగలిగేదే లెక్కలోకొస్తుందమ్మా. నా ఇష్టాయిష్టాలు కావు" అన్నాడు. ఆ మాట అనడం ఆయనకీ బాధే అని గింజలమ్మకి కనిపించింది. ఆ రాయిలాంటి న్యాయంలో వేలు పెట్టడానికి సందు లేదు.

డైరెక్టరు బాధ వేరు. ఆయన తలుపు గడియ వేసి వచ్చి గొంతు తగ్గించాడు. "ఒక్క ప్యాకెట్ అంటున్నారు మీరు. బయట ఈ మాట తెలిస్తే మిగిలిన పదమూడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదిని ఎవరు నమ్ముతారు? ఇరవై నాలుగేళ్లుగా అన్నిటిమీదా మీ సంతకాలే. గది మూసేస్తారు. అది కావాలా మీకు? వచ్చే ఏడాది రిటైరవుతున్నారు. ఇంటికెళ్లి పడుకోండి."

రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. మేడం రాజీనామా రాసింది. మూడో రోజు రేడియోలో చెప్పారు, పాత రకాల మొక్కజొన్నలో ఏ కలుషితమూ లేదని నిపుణులు తేల్చారు, రైతులు నిశ్చింతగా తమ విత్తనం తాము వేసుకోవచ్చని. ఆ పదకొండు ఊళ్లలో నిజంగానే నిశ్చింతగా పడుకుని ఉంటారు జనం.

ఆదివారం మధ్యాహ్నం బస్సు దిగి గింజలమ్మ పెద్దమ్మ ఇంటికి నడిచింది. పెద్దమ్మ వసారాలో కాళ్లు చాపుకుని, ఒళ్లో చేట పెట్టుకుని, గింజలు ఏరుతోంది. ఇంకో పది రోజుల్లో విత్తాలి. డెబ్బై ఆరేళ్లు, కళ్లు ఇప్పటికీ గద్దకళ్లే.

"రావే రా! విన్నావా రేడియోలో? మన గింజకి ఏ రోగమూ లేదట! ఆ పక్క చేనువాడు తొమ్మిదేళ్లుగా కంపెనీ విత్తనం వేస్తుంటే నాకెంత గుబులుగా ఉండేదనుకున్నావు? కడుపులో పాలు పోసినట్టయింది. అదేంటే, అలా ఎండిపోయావు?"

గింజలమ్మ చెప్పులు కూడా విప్పకుండా మెట్టుమీద కూర్చుని చెప్పేసింది. ల్యాబు మాటలేవీ వాడలేదు. నీ పాత గింజలు పాడయ్యాయనుకున్నా, నువ్వు పంపినవి వాటి స్థానంలో పెట్టా, పాతవి కాల్చేశా, నువ్వు పంపినవాటిలో అప్పటికే పదింటికి ఒకటి పక్క చేను గింజ కలిసింది, రేడియోలో చెప్పింది తప్పు.

పెద్దమ్మ వింటూనే ఉంది. ఏరే చెయ్యి ఆగింది.

"అన్నీ కాల్చావా?"

"అన్నీ."

"చచ్చినవాణ్ణయినా నలుగురూ చూసి పోవడానికి ఒక పూట ఉంచుతారే. ఫోన్ చేసిననాడే నాకో మాట చెప్పకూడదూ, ఇవి తీసుకుపో అని? మా అత్తగారు చచ్చిపోతూ నా చేతిలో పెట్టింది ఆ విత్తనాన్ని. నీ చేతికి నేనిచ్చాను. ఎంత పని చేశావే!" పెద్దమ్మ అరవలేదు. తర్వాత చేటని గింజలమ్మ వైపు తోసి, "సర్లే. అయిందేదో అయింది. పదింటికి ఒకటంటున్నావుగా. చదువుకున్నదానివి, అన్నేళ్లు ఆ గదిలో చేశావు. ఏది మంచిదో ఏది కలిసిందో చూసి చెప్పు. చెడ్డవి తీసి పారేద్దాం. ఎంతసేపు పడితే అంతసేపు కూర్చుందాం" అంది.

గింజలమ్మ చేటలోకి చూసింది. తెల్లటి గింజలు, ఒక్కోదాని నెత్తిన ఒక్కో నల్ల గీత. అన్నీ ఒక్కలాగే నిగనిగలాడుతున్నాయి.

"చూస్తే తెలియదు పెద్దమ్మా."

"నీకు తెలియదేమో. నేను చూస్తా, ఎలా ఉంటుందో చెప్పు."

"ఎవరికీ తెలియదు. పైకి ఏమీ ఉండదు. గీత ఉంటుంది, రంగు ఉంటుంది, బరువు ఉంటుంది. పొడి చేసి మిషన్లో వేస్తేనే తెలుస్తుంది. పొడి చేశాక అది మొలవదు."

పెద్దమ్మ ఒక గింజ తీసి వెలుగుకి పట్టి చూసింది. తిప్పి చూసింది. దాన్ని ఎడంపక్క కుప్పలో వేయబోయి, మళ్లీ కుడిపక్కకి తెచ్చి, ఎక్కడా వేయలేక అరచేతిలోనే పెట్టుకుంది.

"యాభై ఆరేళ్లుగా ఏరుతున్నానే" అంది. "ఈ తొమ్మిదేళ్లూ నేను ఏరింది ఏమిటి మరి?"